అడుగులమ్మ పాత కంప్యూటరు

మా అత్తగారిని ఆ వీధిలో అందరూ అడుగులమ్మ అంటారు. అసలు పేరుతో పిలిచేది బ్యాంకులో మాత్రమే. ఒకసారి అక్కడ కౌంటరులో గొంతు చించుకుని పిలిచినా ఆవిడ పలకలేదట. పైగా పక్కన కూర్చున్నావిడతో, "ఎవరో పాపం, విసిగిపోయి వెళ్లిపోయినట్టున్నారు" అని జాలిపడిందట కూడా.

ఆవిడ పని బూట్లు చేయడం. అందరూ తొడుక్కునే బూట్లు కావు. ఒక కాలు పొట్టిగా ఉన్నవాళ్లు, అరికాలు బల్లపరుపుగా ఉన్నవాళ్లు, షుగరు వల్ల పాదాల్లో స్పర్శ పోయినవాళ్లు, ఎముక విరిగి అతుక్కున్నాక నడక మారిపోయినవాళ్లు, వీళ్లంతా ఆవిడ మనుషులు. దుకాణం పెద్దాసుపత్రి వెనక సందులో, ఎక్స్-రే సెంటరుకీ కళ్లద్దాల షాపుకీ మధ్య ఉంటుంది. రెండే గదులు. ముందుగదిలో ఒక కుర్చీ, పట్టుకుని నిలబడడానికి గోడకు బిగించిన ఇనుపకడ్డీ, నేలమీద ఒక నల్లటి పలక. ఆ పలక మీద చెప్పులు విప్పి నిలబడితే, బల్లమీద ఉన్న కంప్యూటరులో మన రెండు పాదాలూ రంగుల్లో కనిపిస్తాయి. బరువు ఎక్కువగా పడేచోట ఎరుపు, ఓ మోస్తరుగా పడేచోట పసుపు, అసలు ఆననిచోట నీలం. ఎవరికి ఎక్కడ మెత్త వేయాలో, ఎక్కడ ఎత్తు పెంచాలో అత్తయ్య ఆ రంగులు చూసి గీసిస్తుంది.

వెనకగది మామయ్యది. తోలు చుట్టలు, కార్కు షీట్లు, జిగురు డబ్బాలు, పాదం ఆకారంలో చెక్కిన కొయ్య అచ్చులు, వాటి మధ్య ఆయన కుట్టుమిషను. కొలత ముందుగదిలో, కోత వెనకగదిలో. మధ్యలో తలుపుకు ఎప్పుడూ గడియ పెట్టరు, ఎందుకంటే వాళ్ల వాదనలన్నీ ఆ తలుపులోంచే సాగాలి.

మామయ్యది తాతల నాటి నుంచీ బూట్లు కుట్టే ఇల్లు. అత్తయ్య కాపురానికి వచ్చాక పైతోలు కుట్టడం నేర్చుకుంది. మా ఆయన పుట్టాక ఆవిడ పని మారిపోయింది. ఆయన ఎడమకాలు కుడికాలికంటే పొట్టి. నడక వచ్చే వయసులో ఎక్కడినుంచో తెప్పించిన ఎత్తు బూటు తొడిగితే పిల్లాడు గుక్కపట్టి ఏడ్చేవాడట. అత్తయ్య ఆ బూటును ముక్కలుగా విప్పి, ఎక్కడ ఒరుసుకుంటోందో చూసి, మళ్లీ కుట్టింది. మళ్లీ విప్పింది. పిల్లాడు ఏడవడం మాని ఆ బూటుతోనే వీధిలోకి పరిగెత్తిన రోజున మామయ్య పని ఆపేసి గుమ్మంలో నిలబడి చూశాడట. ఆ పిల్లాడు ఇప్పుడు సర్వేయరు. రోజంతా పొలాలూ గుట్టలూ తిరిగే ఉద్యోగం. నేను ఆయన్ని మొదటిసారి కలిసినప్పుడు నాకంటే ముందు మెట్లెక్కేసి, పైన నిలబడి నవ్వాడు. కాలి సంగతి తనంతట తను చెబితే గానీ నాకు తెలియలేదు.

పలకా కంప్యూటరూ చాలా తర్వాత వచ్చాయి. ఒక ఫిజియోథెరపీ క్లినిక్కు మూతపడుతూ సామాను అమ్మేస్తుంటే అత్తయ్య వెళ్లి చూసి, ఆ పలక మీద తనే నిలబడింది. తన పాదాలు తెరమీద కనిపించగానే ఇంక అక్కణ్నుంచి కదల్లేదట.

మామయ్యకు నచ్చలేదు. "ఇన్నేళ్లుగా కాళ్లు చూస్తున్నాం. ఇప్పుడీ పెట్టె చెబితే గానీ మనకి కాలు తెలియదా?" అన్నాడు.

"రోజూ గడ్డం గీసుకుంటూ అద్దం చూస్తారుగా. మీ మొహం మీకు తెలియకనా?" అంది అత్తయ్య.

దాంతో పెట్టె ఇంటికొచ్చింది. దానికి దుమ్ము పడకుండా గుడ్డ, వేడెక్కకుండా ఫ్యాను, కరెంటు పోతే ఆగిపోకుండా బ్యాటరీ. ఇన్ని మర్యాదలు చూసి మామయ్య దానికి అల్లుడుగారు అని పేరు పెట్టాడు. "మనకి కూతురు లేదుగా, ఈ అల్లుడెక్కడివాడండీ?" అని అత్తయ్య అంటే, "కూతురు లేకపోయినా అల్లుడి మర్యాదలు తప్పలేదు మన ఖర్మ" అనేవాడు.

అత్తయ్యకి అప్పటికి కంప్యూటరంటే ఓనమాలు తెలియవు. పక్క వీధిలో టైపింగు నేర్పే చోట, తన కొడుకు వయసువాళ్ల మధ్య కూర్చుని నేర్చుకుంది. పలకతో వచ్చిన ప్రోగ్రాములో ఒక్క అక్షరం కూడా మన భాషలో లేదు. ఏ బొత్తాం ఏం చేస్తుందో నొక్కి చూసి తెలుసుకుంది. ఆ ప్రోగ్రాము తయారుచేసిన కంపెనీ ఆ తర్వాత ఎప్పుడో మూతపడింది. అడగడానికి మనిషి లేడు, కొత్తది పంపేవాడు లేడు. అయినా ఆ పలకా, ఆ కంప్యూటరూ, అత్తయ్యా ముగ్గురూ కలిసి వందలమంది కాళ్లు నిలబెట్టారు. ఇది నేను గొప్పలకి చెప్పడం లేదు. సరే, గొప్పలకే చెబుతున్నాను. చెప్పుకోకపోతే ఎలా?

ఇలా ఉండగా ఒకరోజు పొద్దున కంప్యూటరు పెట్టగానే తెరమీద ఒక నీలం డబ్బా వచ్చింది. ఈ ఆపరేటింగ్ సిస్టమ్‌కి ఇకమీదట రక్షణ మార్పులు రావు, కొత్తదానికి మారండి అని దాని సారాంశం. అత్తయ్య దాన్ని మూసేసింది. మర్నాడు మళ్లీ వచ్చింది. మళ్లీ మూసేసింది.

అదే సమయంలో పెద్దాసుపత్రి ఎముకల విభాగం నుంచి కబురొచ్చింది. ఇకమీదట రోగులను కాగితం చీటీలతో పంపరట. డాక్టరు రాసేదంతా వాళ్ల కొత్త వెబ్‌సైటులోనే ఉంటుంది, దుకాణంవాళ్లు అందులోనే తెరిచి చూసుకోవాలి. మా పాత కంప్యూటరులో ఆ వెబ్‌సైటు తెరిస్తే సున్నం కొట్టిన గోడలా తెల్లగా ఉండేది. అక్షరం ముక్క కనిపించేది కాదు. ఆసుపత్రి పంపే మనుషులే దుకాణానికి ఆధారం. మారకపోతే వాళ్లు ఇంకో చోటికి వెళ్లిపోతారు. మారితే పలక పనిచేస్తుందో లేదో ఎవరికీ తెలియదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర ఇదే చర్చ.

"ఇంత ఆలోచన ఎందుకమ్మా? అవునని నొక్కితే అదే మారిపోతుంది" అన్నాడు మా ఆయన.

నాకూ అలాగే అనిపించింది. నేను పనిచేసేది ఇన్సూరెన్సు ఆఫీసులో. అక్కడ ఇలాంటివి మేం టీ తాగి వచ్చేలోపు జరిగిపోతాయి. "మా ఆఫీసులో మొన్ననే మార్చారత్తయ్యా. ఏమీ కాలేదు" అన్నాను.

"మీ ఆఫీసులో కంప్యూటరు కింద పలక ఉందా?" అంది అత్తయ్య.

"లేదు."

"మరి!"

మామయ్య కంచంలోంచి తలెత్తకుండా, "పనిచేసేదాన్ని కెలక్కూడదు. అంతే" అన్నాడు.

అత్తయ్య ఎవరి మాటా కాదనలేదు, ఔననలేదు. చెయ్యి కడుక్కుని వచ్చి, "ముందు తెలిసినవాళ్లని అడుగుదాం" అంది.

సందు చివర కంప్యూటర్లు బాగుచేసే ఒకావిడ ఉంది. జడలో స్క్రూడ్రైవరు దోపుకుని తిరుగుతుంది కాబట్టి మామయ్య ఆవిడకి జడమేస్త్రి అని పేరు పెట్టాడు. ఆ పేరు ఆవిడకీ నచ్చింది, ఫోనులో కూడా "జడమేస్త్రినండీ" అనే అంటుంది. ఆవిడ వచ్చి పెట్టె మూత తీసి, లోపల దుమ్ము ఊదేసి, తీరిగ్గా చూసింది.

"కొత్త సిస్టమ్‌ని ఇది మోయగలదమ్మగారూ. వయసైనా ఒంట్లో ఓపికుంది. గొడవల్లా పలకతోనే. ఇదుగో, పలక తీగ వచ్చి ఈ కార్డుకి తగులుకుంది. ఈ కార్డుకీ సిస్టమ్‌కీ మధ్య మాటలు చేరవేసే చిన్న ప్రోగ్రాము ఒకటుంది. అది పాత సిస్టమ్ కోసం రాసింది. కొత్తదాంట్లో పలుకుతుందో లేదో నేను ఒట్టేసి చెప్పలేను."

"పలక్కపోతే వెనక్కి రావచ్చా?" అంది అత్తయ్య.

జడమేస్త్రి ఆవిడవైపు చూసి నవ్వింది. "అందరూ ఎంతసేపు పడుతుందని అడుగుతారమ్మగారూ. వెనక్కి రావచ్చా అని అడిగింది మీరే."

"ఎందుకడగనూ? నేను తోలు మీద కత్తి పెట్టేముందు కాగితం కత్తిరిస్తాను. కాగితం కుదిరితే పాత రెక్సిన్‌తో ఒక ఉత్తుత్తి బూటు కుట్టి వాళ్లని నాలుగడుగులు నడిపిస్తాను. అప్పుడు గానీ తోలు ముట్టుకోను. తోలు ఒకసారి తెగితే అతకదుగా."

"అయితే ఇదీ అలాగే చేద్దాం" అంది జడమేస్త్రి. ఉన్న హార్డుడిస్కు మొత్తాన్ని ఇంకో డిస్కులోకి మక్కీకి మక్కీ దించుతుందట. పాతది తీసి బీరువాలో పెట్టి, నకలు డిస్కు పెట్టి, కొత్త సిస్టమ్ దానిమీద ఎక్కించి చూస్తుందట. కుదిరితే సరే. కుదరకపోతే పాత డిస్కు మళ్లీ బిగిస్తే ఏమీ జరగనట్టే ఉంటుంది.

అత్తయ్యకి నచ్చింది. కానీ అంతటితో ఊరుకోలేదు. "ఇందులో ఇన్నేళ్ల కాళ్లున్నాయి. రెండు డిస్కులూ ఒకేసారి పోయాయనుకో, అవెక్కడినుంచి తేను? ముందు వాటిని బొమ్మలుగా బయటికి తీద్దాం" అంది. ఆ పాత ప్రోగ్రాములో దాచినవి ఇంకే కంప్యూటరులోనూ తెరుచుకోవు. ఒక్కో మనిషి పేరూ తెరిచి, పాదాల బొమ్మను విడిగా మామూలు ఫొటోలా దాచాలి. ఒకేసారి అన్నీ తీసే బొత్తాం లేదు.

అలా మా ఇంట్లో కాళ్ల పండగ మొదలైంది. ఆఫీసు నుంచి వస్తూ నేనొక విడత, సర్వే పని లేని రోజున మా ఆయన ఒక విడత, మిగతాదంతా అత్తయ్య. మామయ్య మొదట్లో అటు చూడలేదు. తర్వాత మంచినీళ్ల వంకతో వచ్చి మా వెనక నిలబడేవాడు. ఆ తర్వాత కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

పేరు చదవకముందే ఆయనకి మనిషి తెలిసిపోయేది. "ఇది తపాలా ఆయన. చూడు, కుడి మడమ ఎలా ఎర్రబడిందో. సైకిలు దిగేటప్పుడు ఎప్పుడూ ఆ కాలే." "ఈవిడ నాట్యం నేర్పే పంతులమ్మ కదూ?" ఒకచోట ఒకే పేరు కింద చిన్న పాదాలు, ఏడాదికో బొమ్మ చొప్పున పెరుగుతూ వచ్చాయి. మొదటిదాంట్లో ఒక కాలు మునివేళ్లమీదే నిలబడి ఉంది, మడమంతా నీలం. పోనుపోను మడమలోకి పసుపు వచ్చింది. చివరిదాంట్లో రెండు పాదాలూ దాదాపు ఒకే రంగు.

మామయ్య కుర్చీ ఇంకాస్త ముందుకు జరుపుకున్నాడు. "ఈ పిల్ల ఇప్పుడెక్కడుంది?" అన్నాడు.

"పోయినేడు పెళ్లయింది. జంట ఫొటో పంపిందిగా. ఫొటోలో మీరు మొహం చూడలేదు, చెప్పులు చూశారు" అంది అత్తయ్య.

మా ఆయన పాదాలు కూడా వచ్చాయి. పలక కొత్తగా వచ్చిన రోజున తీసినవి. ఆయన వాటిని చూసి, "నా కాళ్లు ఇంత అందంగా ఉంటాయని నాకెవరూ చెప్పలేదే" అన్నాడు. అత్తయ్య ఆయన వీపుమీద ఒక్కటిచ్చింది.

అన్నీ దించాక వాటిని నా ల్యాప్‌టాప్‌లో తెరిచి సరిగ్గా వచ్చాయో లేదో చూసింది. నాలుగైదు చూస్తే చాలదా అంటే వినలేదు. అన్నీ తెరిచి చూసింది. కొన్ని ఖాళీగా వచ్చాయి కూడా. వాటిని మళ్లీ తీయించింది. అప్పుడు జడమేస్త్రికి ఫోను చేసి, "ఇంక రామ్మా" అంది.

ఆ రోజు నేను సెలవు పెట్టి దుకాణంలోనే ఉన్నాను. జడమేస్త్రి పాత డిస్కు తీసి అత్తయ్య చేతిలో పెట్టింది. ఆవిడ దాన్ని మెత్తటి తోలుముక్కలో చుట్టి బీరువాలో పెట్టి తాళం వేసింది. నకలు డిస్కు మీద కొత్త సిస్టమ్ ఎక్కడం మొదలైంది. తెరమీద చుక్కలు గుండ్రంగా తిరుగుతున్నాయి.

సరిగ్గా అప్పుడే ఒక మనిషి గుమ్మంలోకి వచ్చింది. పొడుగ్గా ఉంది, చేతిలో కర్ర. ట్రాఫిక్ కానిస్టేబులట. డ్యూటీలో ఉండగా ఒక వ్యాను గుద్దితే ఎడమకాలు రెండుచోట్ల విరిగింది. ఎముక అతికింది గానీ కాలు కాస్త పొట్టయింది. మళ్లీ పాత పనిలోకి తీసుకోవాలంటే వాళ్ల డాక్టరు ముందు నిలబడి, నడిచి చూపించాలి. అది వచ్చే వారమే. కుదరకపోతే ఆఫీసులో కూర్చోబెడతారు.

"కూర్చునే పని నాకు చేతకాదమ్మా. అంతసేపు కుర్చీలో ఉంటే పిచ్చెక్కుతుంది" అంది ఆవిడ.

అత్తయ్య తెరవైపు చూసింది. చుక్కలు తిరుగుతూనే ఉన్నాయి. "ఏమండీ, గోధుమరంగు కాగితం తీసుకురండి. బకెట్లో నీళ్లు కూడా" అని వెనకగదిలోకి కేకేసింది.

పలక రాకముందు వాళ్లు కొలత తీసిన పద్ధతి నేను ఆ రోజే చూశాను. కానిస్టేబులమ్మ పాదాలు తడిపి, మందపాటి కాగితం మీద నిలబెట్టారు. తడి ఆరకముందే మామయ్య పెన్సిలుతో చుట్టూ గీత గీశాడు. ఎక్కడ తడి ఎక్కువ దిగిందో అత్తయ్య అక్కడ గుర్తులు పెట్టింది. ఆయన మడమ పట్టుకుని చూశాడు, అత్తయ్యేమో మోకాలి వెనక చెయ్యి పెట్టి నిలువు చూసింది. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకోలేదు. "ఇక్కడా?" "ఊఁ." "ఇంకాస్త." "చాలు." అంతే. పొట్టికాలికి ఎంత ఎత్తు పెంచాలో, మడమ ఏ పక్కకి ఒరగకుండా ఆపాలో తేల్చేశారు.

"అల్లుడుగారు లేకుండానే అయిపోయింది" అన్నాడు మామయ్య మీసం దువ్వుకుంటూ.

"రేపొకసారి వస్తావామ్మా? ఆ పలక మీద కూడా చూడాలి" అంది అత్తయ్య కానిస్టేబులమ్మతో.

"ఎందుకే, ఇప్పుడు చూశాంగా?" అన్నాడు మామయ్య.

"చూశాం. ఇంకోసారి చూస్తే తప్పేముంది?"

సాయంత్రానికి కొత్త సిస్టమ్ ఎక్కింది. తెర మెరిసిపోతోంది. ఆసుపత్రి వెబ్‌సైటు చిటికెలో తెరుచుకుంది. ప్రింటరు పలికింది. మా ఆయన కూడా పనినుంచి వచ్చేశాడు, అందరం చుట్టూ మూగాం. అత్తయ్య చెప్పులు విప్పి పలక మీద నిలబడింది. తెరమీద ఏమీ రాలేదు. జడమేస్త్రి ఏవేవో మార్చింది, ఆపి మళ్లీ పెట్టింది, కార్డు తీసి మళ్లీ బిగించింది, ఎవరికో ఫోను చేసి అడిగింది. అత్తయ్య దిగకుండా ఆ పలక మీదే నిలబడి ఉంది. పలక మాత్రం చీకటి.

"అల్లుడుగారు అలిగాడు" అన్నాడు మామయ్య. కానీ గొంతులో ఎగతాళి లేదు. ఆయన మొహం కూడా చిన్నబోయింది.

జడమేస్త్రి స్క్రూడ్రైవరు మళ్లీ జడలో దోపుకుని, "ఇంక నావల్ల కాదమ్మగారూ" అంది.

నాకు ఉసూరుమనిపించింది. అత్తయ్య మాత్రం తేలిగ్గా పలక దిగి చెప్పులు తొడుక్కుంది. "బాధెందుకమ్మా? కుదురుతుందో లేదో తెలియక ఇన్నాళ్లూ కొట్టుకున్నాం. ఇప్పుడు తెలిసింది. పాతది పెట్టెయ్."

పాత డిస్కు బిగించి పెట్టగానే పలక వెలిగింది. ఈసారి మామయ్యే ముందు ఎక్కి నిలబడ్డాడు. ఇన్నేళ్లలో ఆయన దానిమీద కాలు పెట్టడం అదే మొదలు.

మర్నాడు పొద్దున్నే కానిస్టేబులమ్మ వచ్చింది. పలక మీద నిలబెడితే, విరిగిన కాలి విషయంలో ముందురోజు చేత్తో తేల్చిన కొలత దాదాపు సరిపోయింది. మామయ్య "చూశావా?" అన్నట్టు కనుబొమ్మలు ఎగరేశాడు. అత్తయ్య మాత్రం ఆవిణ్ని అలాగే నిలబడమంది. కాసేపటికి తెరమీద కుడిపాదం రంగు మారడం మొదలైంది. బొటనవేలి కింద మెత్తటిచోట పసుపు పోయి ఎరుపు వచ్చింది. నిలబడే కొద్దీ ఎరుపు చిక్కబడింది. అత్తయ్య మామయ్యని దగ్గరికి పిలిచి చూపించింది.

"మనం విరిగిన కాలినే చూశామండీ. బాగున్న కాలు దాని బరువు కూడా మోస్తోంది. నిలబడేది పొద్దస్తమానం కదా, నెల తిరక్కుండా ఇదీ మూలపడుతుంది."

మామయ్య వంగి చూశాడు. కానిస్టేబులమ్మ కుడిపాదం చేతిలోకి తీసుకుని బొటనవేలి కింద నొక్కాడు. ఆవిడ అబ్బా అంది.

"అవును. ఇది నాకు చేతికి అందలేదు" అన్నాడు మామయ్య. ఆ తర్వాత వెనకగదిలోకి వెళ్లి రెండో కాలికి కూడా కార్కు కోయడం మొదలుపెట్టాడు.

ఆ వారమంతా ఇద్దరూ ఆ ఒక్క జత మీదే కూర్చున్నారు. బయటినుంచి చూస్తే మామూలు పోలీసు బూట్లే. ఎత్తు పెంచిన సంగతి కూడా పట్టుకోలేం. పరీక్షకు వెళ్లేముందు ఆవిడ వాటితో సందులో అటూ ఇటూ నడిచింది. కర్ర మా గోడకే ఆనించి మర్చిపోయి వెళ్లిపోయింది. దాన్ని ఇవ్వడానికి మా ఆయన వెనకే పరిగెత్తాల్సి వచ్చింది.

ఇక కంప్యూటరు సంగతి. అత్తయ్య తేల్చి చెప్పింది. పాతది పాతదిగానే ఉంటుంది. ఇంటర్నెట్ తీగ పీకేయాలి. అది పాదాలు చూడాలి, అంతకుమించి ఇంకే పనీ దానికి చెప్పకూడదు. ఆసుపత్రి వెబ్‌సైటుకి నా పాత ల్యాప్‌టాప్ బల్లకి రెండోవైపు పెట్టాం. పాదాల బొమ్మలు అటు మోసుకెళ్లడానికి ఒక పెన్‌డ్రైవు. దానికి ఎర్రదారం కట్టి, ఇంకెక్కడా గుచ్చకూడదని అత్తయ్య హుకుం. నేనొకసారి పొరపాటున మా ఆఫీసు ఫైలు కోసం దాన్ని తీసుకోబోతే చేతిమీద కొట్టింది. కోడల్ననే మొహమాటం కూడా లేదు.

కొన్నాళ్లకి ఎముకల విభాగం డాక్టరు ఒకావిడ దుకాణం చూడడానికి వచ్చింది. రోగులను పంపే ప్రతి చోటికీ అలాగే వెళుతోందట. మంచి మనిషి. పలక చూసి ముచ్చటపడింది. పాత సిస్టమ్ చూసి మాత్రం మొహం కాస్త ముడిచింది.

"ఇది ఇంకా మార్చలేదేంటండీ? కొత్తదంటే భయమా?"

"భయమైతే చూడకుండానే వద్దనేదాన్ని డాక్టరుగారూ" అంది అత్తయ్య. "ఎక్కించి చూశాం. పలక పలకలేదు. చూసి వద్దనుకున్నాం."

ఎలా చేశారని ఆవిడ అడిగింది. అత్తయ్య నకలు డిస్కు దగ్గర్నుంచి ఎర్రదారం దాకా చెప్పింది. డాక్టరు శ్రద్ధగా విని, పీకేసిన తీగ కూడా చూసి, "నెట్‌కి తగిలించలేదు కాబట్టి మాకు అభ్యంతరం లేదు" అంది. "ఒక్క మాటండీ. ఆ పెన్‌డ్రైవులో బొమ్మలకి రోగుల పేర్లున్నాయి. అది ఎక్కడైనా పడిపోతే ఎవరి జబ్బేమిటో ఊరందరికీ తెలుస్తుంది. పేర్ల బదులు నంబర్లు పెట్టండి."

అత్తయ్య నాలుక కరుచుకుంది. "నాకు తట్టనే లేదు" అని ఆ పూటే కూర్చుని పేర్లన్నీ మార్చేసింది. వెళ్లబోతున్న డాక్టరును ఆపి ఇంకో మాట కూడా అడిగింది.

"ఈ పలక ఏదో ఒకరోజు పోతుంది. అప్పటికి నేను కొత్తదానికి సిద్ధంగా ఉండాలి. మీ ఆసుపత్రిలో కొత్త పలక వచ్చిందటగా. వచ్చి నేర్చుకోనిస్తారా?"

ఇప్పుడు ప్రతి గురువారం మధ్యాహ్నం అత్తయ్య ఆసుపత్రికి వెళుతుంది. ఫిజియోథెరపీ చదివే పిల్లల మధ్య కూర్చుని కొత్త పలక నేర్చుకుంటోంది. పిల్లలు కూడా దుకాణానికి వస్తున్నారు, తడికాగితం ముద్ర తీయడం నేర్చుకోవడానికి. అది నేర్పేది మామయ్య. మొదటిరోజు చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు.

కానిస్టేబులమ్మ పరీక్ష గట్టెక్కింది. ఆ సంగతి ఫోనులో చెప్పింది గానీ, చెప్పడం వేరు, చూడడం వేరు. మొన్న నలుగురం కలిసి బజారుకి వెళుతుంటే నాలుగురోడ్ల కూడలిలో ఆవిడే డ్యూటీలో ఉంది. ఎండలో నిటారుగా నిలబడి, చెయ్యి చాచి ఇటువైపు బస్సులూ లారీలూ అన్నింటినీ ఆపేసింది. జనం దాటడం మొదలుపెట్టారు. మేమూ దాటుతున్నాం. సరిగ్గా రోడ్డు మధ్యకి వచ్చేసరికి మామయ్య ఆగిపోయి, వంగి ఆవిడ బూట్లు చూడడం మొదలుపెట్టాడు.

ఆవిడ విజిల్ ఊదింది. "పెద్దాయనా, బస్సులాగి ఉన్నాయి! నడవండి!"

"నడుస్తున్నానమ్మా, నడుస్తున్నా" అంటూనే ఆయన ఇంకోసారి చూశాడు. అత్తయ్య ఆయన చొక్కా పట్టుకుని అవతలి గట్టుకి లాక్కొచ్చింది. అక్కడికి చేరాక మాత్రం తనే వెనక్కి తిరిగి నిలబడింది.

"ఆ కుడికాలు చూశారా?" అంది. "ఎంత నిమ్మళంగా ఆనించిందో."